ద్రాక్ష కోతల వేళ నాసిక్ ప్రయాణం: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

గత నెల ఈ శీర్షికలో గోదావరి పుట్టిన త్ర్యంబకం గురించి రాస్తూ, నాసిక్ చుట్టుపక్కల ద్రాక్ష తోటలను, వాటి మధ్య వెలసిన వైనరీలను, అంటే వైన్ తయారీశాలలను, ఒక్క వాక్యంలో ప్రస్తావించాను. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఆ ఒక్క వాక్యం గురించే. మన ఊళ్ళలో మద్యం దుకాణం ఏదైనా దాని మీద ‘వైన్స్’ అనే బోర్డు ఉంటుంది కనుక, వైన్ అనగానే చాలామందికి సీసాయే గుర్తుకొస్తుంది, పొలం గుర్తుకురాదు. నాసిక్ వెళ్ళేవారికి ముందు పొలం కనిపించాలన్నది నా కోరిక. అందుకే ఈసారి శీర్షిక మొత్తం ఈ ప్రశ్నలకే కేటాయించాను.

ప్రశ్న: మేము ఐదుగురం స్నేహితులం, అందరం తెలుగువాళ్ళమే, పుణెలో ఉద్యోగాలు చేస్తున్నాం. జనవరి చివర్లో ఒకే కారులో నాసిక్ వెళ్ళి, శని, ఆదివారాల్లో వీలైనన్ని వైనరీలు చూడాలనుకుంటున్నాం. ఇప్పటికి ఆరు పేర్లు రాసుకున్నాం. మాలో ఒకరు అసలు తాగరు. మా ఏర్పాటు సరిగానే ఉందా?
— ఒక పాఠకురాలు, పుణె

జవాబు: మీరు ఎంచుకున్న కాలం చాలా మంచిది. ఆ ప్రాంతంలో వైన్ ద్రాక్ష కోతలు జనవరి నుంచి మార్చి దాకా సాగుతాయి కనుక, తీగల మీద గుత్తులనూ, వైనరీ వాకిట్లో దిగుతున్న ద్రాక్ష పెట్టెలనూ ఒకే రోజు చూడగలుగుతారు. వర్షాకాలంలో కొండలు పచ్చగా ఉండి అందంగా కనిపిస్తాయన్న మాట నిజమే కానీ, అప్పుడు తీగల మీద కాయ ఉండదు, లోపల ట్యాంకుల దగ్గర పెద్దగా పనీ ఉండదు. అయితే తేదీ ఖాయం చేసుకునే ముందు క్యాలెండరు చూసుకోండి. జనవరి 26 మద్యనిషేధ దినం. గణతంత్ర దినోత్సవం శని, ఆదివారాలకు ఆనుకుని వచ్చినప్పుడు ఎంతోమంది ఆ మూడు రోజుల సెలవునే ఎంచుకుని బయలుదేరతారు. అలా వచ్చి, చివరి రోజున వైనరీలో వైన్ రుచి చూసే గది మూసి ఉండటం చూసి వెనుదిరిగినవారిని నేను ఎరుగుదును.

ఇక ఆరు వైనరీల సంగతి. దయచేసి వాటిని రెండుకు తగ్గించుకోండి. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు ఒకే రోజు నాలుగు చూశాను. మూడోదానికి వచ్చేసరికి నాలుక మొద్దుబారిపోయి తెల్ల వైన్‌కూ తెల్ల వైన్‌కూ తేడా తెలియలేదు, నాలుగోదాని గురించి ఈనాటికీ ఒక్క ముక్క చెప్పలేను. పైగా ఇవన్నీ ఒకే దారిలో లేవు. సులా, యార్క్, సోమా వంటివి నాసిక్‌కు పడమరగా గంగాపూర్ ఆనకట్ట జలాశయం వైపు ఉన్నాయి. గ్రోవర్ జంపా, వలోనే వంటివి ఇగత్‌పురి వైపు సంజేగావ్ పరిసరాల్లో ఉన్నాయి. మరికొన్ని ఉత్తరాన దిండోరి వైపు ఉన్నాయి. ఈ మూడు దిక్కులకూ పరుగులు పెడితే రెండు రోజుల్లో మీకు మిగిలేది రోడ్డు జ్ఞాపకమే.

పుణె నుంచి నాసిక్ సుమారు 210 కిలోమీటర్లు. చాకణ్, రాజ్‌గురునగర్‌ల దగ్గర లారీల రద్దీ విపరీతం కనుక తెల్లవారుజామున ఐదింటికల్లా ఊరు దాటాలి. ఉదయపు అల్పాహారానికి నారాయణగావ్‌లో ఆగండి. మన దేశంలో వైన్ చరిత్ర తెలుసుకోవాలంటే ఆ ఊరి పేరు గుర్తుంచుకోవాలి. 1980లలో శ్యామ్‌రావ్ చౌగులే ఫ్రెంచి సాంకేతిక సహాయంతో నురగ వైన్ తయారీని అక్కడే మొదలుపెట్టారు. ఒమర్ ఖయ్యాం అనే పేరుతో ఆ వైన్ విదేశాల దుకాణాలకూ చేరింది. తరువాతి కాలంలో ఆ సంస్థ నిలవలేకపోయినా, ఈ నేల మీద పండిన ద్రాక్షతో మంచి వైన్ చేయవచ్చన్న నమ్మకానికి బీజం అక్కడే పడింది. నారాయణగావ్ దాటాక ఆళేఫాటా, చందనాపురి ఘాటు, సంగమ్‌నేర్, సిన్నర్ వస్తాయి. ఘాటులో డ్రైవింగ్ సీటులో ఉన్నవారిని మాటల్లో పెట్టకండి.

మధ్యాహ్నానికి నాసిక్ చేరి బసలో సామాను దించి, కారును కూడా అక్కడే వదిలేయండి. మధ్యాహ్నం మూడు తరువాత గంగాపూర్ వైపున్న ఒక వైనరీకి స్థానిక డ్రైవరుతో సహా అద్దె కారులో వెళ్ళండి. శనివారాల్లో రద్దీ ఉంటుంది కనుక తోట, తయారీశాల చూపించే పర్యటనకు ముందుగానే చోటు రిజర్వు చేసుకోవడం మంచిది. సూర్యాస్తమయ వేళ ఆ జలాశయం ఒడ్డున కాసేపు నిలబడండి. మన రాజమండ్రి దగ్గర ఆవలి ఒడ్డు ఎంతో దూరాన కనిపించే ఆ గోదావరే ఇక్కడ, పుట్టిన చోటికి కొద్ది దూరంలో, ద్రాక్ష తీగల అంచున నీళ్ళు నిలిపి ఉంటుంది. 1,465 కిలోమీటర్లు ప్రయాణించే నదిని దాని బాల్యంలో చూడటం తెలుగువారికి చిన్న విషయం కాదు.

ఆదివారం ఉదయం త్వరగా లేచి రెండో చోటికి వెళ్ళండి. ఆ రోజు రుచి చూడటం కంటే తోటలో నడవడానికే ఎక్కువ సమయం ఇవ్వండి. భోజనం ముగించుకుని ఒంటిగంటకల్లా పుణె దారి పట్టండి.

తాగని స్నేహితుడి గురించి ఒక మాట. అతణ్ణి అడగకుండానే రెండు రోజులకూ డ్రైవరుగా లెక్కవేసుకుంటే అది స్నేహధర్మం కాదు. అతను కూడా మీలాగే సెలవు తీసుకుని వస్తున్నాడు. అతనికి ద్రాక్షరసం, మంచి భోజనం, తోట, తయారీశాల ఉన్నాయి. ద్రాక్ష వైన్‌గా ఎలా మారుతుందో చూడటానికి ఎవరూ చుక్క తాగనవసరం లేదు. ఆదివారం తిరుగు ప్రయాణంలో నడుపుతానని తనంతట తాను ముందుకొస్తే, ఆ ప్రయాణపు ఖర్చులో అతని వాటాను మీరు నలుగురూ పంచుకోండి.

ప్రశ్న: రుచి చూడటానికి పోసేది గ్లాసు అడుగున కొంచెమే కదా. ఆ మాత్రానికి వేరే డ్రైవరు ఎందుకు? భోజనం చేసి ఒక అరగంట ఆగితే సరిపోదా?
— ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: సరిపోదు. ఈ నమ్మకం చాలామందిలో ఉంది కనుక లెక్క వేసి చెబుతాను. రుచి చూపించేటప్పుడు ఒక్కో రకం సుమారు 30 మిల్లీలీటర్లు పోస్తారనుకుందాం. ఐదు రకాలకు 150 మిల్లీలీటర్లు, అంటే ఒక నిండు గ్లాసు వైన్. అందులో ఆల్కహాలు 13 శాతం ఉంటే, తూకంలో అది దాదాపు 15 గ్రాములు. 70 కిలోల బరువున్న పురుషుడి 100 మిల్లీలీటర్ల రక్తంలో అది సుమారు 30 మిల్లీగ్రాముల ఆల్కహాలుగా తేలుతుంది. 60 కిలోల స్త్రీకి 40 దాటుతుంది. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ పెట్టిన హద్దు 30 మిల్లీగ్రాములే. అంటే ఒక్క వైనరీలో, అదీ ‘కొంచెం’ అని మీరంటున్న ఆ పరిమాణంతోనే, మీరు హద్దు మీద నిలబడి ఉంటారు లేదా దాటి ఉంటారు.

ఇది శరీరం నుంచి పోవడానికి పట్టే కాలం కూడా చూడండి. కాలేయం గంటకు ఏడెనిమిది గ్రాములకు మించి కరిగించలేదు. కాఫీ, పెరుగన్నం, చన్నీళ్ళ స్నానం ఏవీ దాన్ని తొందరపెట్టలేవు. భోజనంతో పాటు తాగితే రక్తంలోకి ఎక్కడం కొంత నెమ్మదిస్తుంది కానీ, ఎక్కినదాన్ని భోజనం తీసేయదు. ఒక్క చోట చూసిన రుచికే రెండు గంటలు కావాలి. మూడు చోట్ల చూస్తే ఆరు గంటలు కావాలి.

2019 సవరణ తరువాత మొదటిసారి పట్టుబడితే 6 నెలల వరకూ జైలు, 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. మళ్ళీ పట్టుబడితే జైలు 2 ఏళ్ళ వరకూ, జరిమానా 15,000కు వెళుతుంది. కానీ నా అభ్యంతరం జరిమానా గురించి కాదు. ఆ తోటల మధ్య దారులు ఇరుకైన పల్లెదారులు. కోతల కాలంలో సాయంత్రం వేళ ఆ దారుల్లోనే కూలీలు నడిచి ఇళ్ళకు వెళతారు, ద్రాక్ష పెట్టెలు నింపుకున్న ట్రాక్టర్లు వెనుక దీపాలు లేకుండా కదులుతుంటాయి. ఆ పంట పండించినవారి దారిలో ఆ పంట తాగి బండి నడపడం తప్పు.

రుచి చూసి ఉమ్మివేయడానికి బల్ల మీద ఒక పాత్ర పెడతారు. దాన్ని వాడుకోవడానికి మొహమాటపడకండి. వృత్తిగా రుచి చూసేవారంతా అదే చేస్తారు. అయినా స్టీరింగు పట్టేవారు మాత్రం ఆ రోజు గ్లాసు ముట్టకపోవడమే సరైన పని.

ప్రశ్న: నేను వ్యవసాయ కళాశాల విద్యార్థిని. మా నాన్నగారికి అనంతపురం జిల్లాలో పందిరి ద్రాక్ష ఉంది. నాసిక్‌లో తీగను ఏడాదికి రెండుసార్లు కత్తిరించి ఒక్క పంటే తీస్తారని విన్నాను. వైన్ ద్రాక్షకూ అంతేనా? మిత్రులతో అటు వెళితే తోటలో ఏం గమనించాలి?
— ఒక విద్యార్థి, అనంతపురం

జవాబు: ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నాకు ఎక్కువ సంతోషం కలిగించింది మీదే. మీరు విన్నది నిజం, వైన్ ద్రాక్షకూ అదే పద్ధతి.

చలిదేశాల్లో ద్రాక్ష తీగ శీతాకాలమంతా ఆకు రాల్చి నిద్రపోతుంది, వసంతంలో చిగురిస్తుంది, ఎండాకాలం చివర పండుతుంది. మన దక్కన్‌లో తీగను నిద్రపుచ్చేంత చలి లేదు. వదిలేస్తే అది ఏడాది పొడుగునా పెరుగుతూనే ఉంటుంది, కాపు మాత్రం సరిగా రాదు. అందుకే రైతు కత్తెరతోనే దానికి రుతువులను సృష్టిస్తాడు. కోతలయ్యాక ఏప్రిల్ ప్రాంతంలో మొదటి కత్తిరింపు వేస్తాడు. అప్పుడు వచ్చిన రెమ్మలు వేసవి ఎండలో ముదిరి, వాటి మొగ్గల్లో రాబోయే కాపు రూపుదిద్దుకుంటుంది. వానలు తగ్గుముఖం పట్టాక సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో రెండో కత్తిరింపు వేస్తాడు. మొగ్గలన్నీ ఒకేసారి కదలడానికి వాటికి హైడ్రోజన్ సైనమైడ్ మందు పూస్తారు. అక్కడి నుంచి నాలుగైదు నెలలకు కోత. ఈ లెక్క వల్ల గుత్తి పెరిగే కాలమంతా పొడిగా, చల్లగా ఉంటుంది. వానల్లో కాపు తీయబోతే బూజు తెగులు మిగల్చదు, ఏప్రిల్ ఎండలో పండనిస్తే పులుపు నిలవదు.

పులుపు మాట ఎందుకంటే, తినే ద్రాక్షకూ వైన్ ద్రాక్షకూ తేడా అక్కడే ఉంది. మీ ఇంటి పందిరి కింద కాసే గుత్తికి పండు పెద్దదిగా, తోలు పలుచగా, విత్తనం లేకుండా ఉండాలని కోరుకుంటారు. వైన్‌కు కావలసింది చిన్న పండు, మందపు తోలు, లోపల విత్తనం. ఎర్ర వైన్ రంగు, వగరు, సువాసనలో అధికభాగం ఆ తోలు నుంచే వస్తాయి. నాసిక్ సముద్రమట్టానికి దాదాపు 600 మీటర్ల ఎత్తున ఉంది. జనవరిలో పగలు 28, 30 డిగ్రీలున్నా రాత్రి 10 డిగ్రీల దరిదాపులకు దిగుతుంది. పగటి ఎండ చక్కెరను పెంచుతుంటే, రాత్రి చలి పులుపును కాపాడుతుంది. ఈ రెండూ కలిసి రావడమే ఆ ప్రాంతపు భాగ్యం. అనంతపురంలో ఎండకు లోటు లేదు కానీ రాత్రులు అంత చల్లబడవు.

తోటలోకి వెళ్ళగానే ముందు పందిరిని చూడండి. తినే ద్రాక్ష తలపైన పరచిన పందిరి మీద ఉంటుంది. వైన్ ద్రాక్ష మాత్రం వరుసల్లో నిలువుగా కట్టిన ఇనుప తీగెల మీద, కంచెలా నిలబడి ఉంటుంది. గుత్తికి గాలి, వెలుతురు సమంగా అందడానికి ఈ ఏర్పాటు. తరువాత తీగ మొదలు దగ్గర వంగి అంటు చూడండి. వేరు ఒక జాతిదై, పైన రకం వేరొకటై ఉంటుంది. ఆపైన వాళ్ళను అడిగి ఒక పండు నోట్లో వేసుకోండి. చెనిన్ బ్లాంక్, సావిన్యాన్ బ్లాంక్ (తెల్ల వైన్‌కు), షిరాజ్, కాబర్నే సావిన్యాన్ (ఎర్ర వైన్‌కు) వంటి ద్రాక్ష రకాల పేర్లు సీసా మీద చదవడం వేరు, వాటి పండును కొరికి చూడటం వేరు. అడగకుండా మాత్రం కోయకండి, అంతకుముందు రోజే మందు కొట్టి ఉండవచ్చు.

రైతు ఆదాయం గురించి కూడా అడిగి తెలుసుకోండి. రాజీవ్ సామంత్ అనే ఇంజనీరు అమెరికాలో ఉద్యోగం వదిలి వచ్చి, నాసిక్ దగ్గర తమ కుటుంబ భూమిలో 1990ల చివర్లో వైన్ ద్రాక్ష నాటినప్పుడు, చుట్టుపక్కలంతా తినే ద్రాక్షే. తల్లి సులభ గారి పేరు మీదుగా పెట్టిన సులా ఆ తరువాత పెద్ద సంస్థ అయింది. 2001లో మహారాష్ట్ర ప్రభుత్వం ద్రాక్ష ప్రాసెసింగ్ విధానాన్ని ప్రకటించి వైన్‌కు సుంకంలో రాయితీలిచ్చింది, వించూర్‌లో వైన్ పార్కు ఏర్పాటైంది. ఆ తరువాత ఎందరో రైతులు వైనరీలతో ఒప్పందం కుదుర్చుకుని వైన్ రకాలు వేశారు. ఒప్పందం ఉన్న ఏడు ధర ముందే తెలుస్తుంది. కానీ వైనరీ కొనడం తగ్గించిన ఏడు ఆ పండును బజారులో తినడానికి ఎవరూ కొనరు. పందిరి ద్రాక్ష రైతుకు కనీసం సంత ఉంటుంది. మీ నాన్నగారితో మాట్లాడేటప్పుడు ఈ తేడా గుర్తుంచుకోండి.

హైదరాబాద్ పరిసరాలు ఒకప్పుడు అనాబ్-ఎ-షాహీ ద్రాక్షకు దేశమంతటా పేరు పొందాయి. ఆ తోటల్లో ఎన్నో ఇప్పుడు ఇళ్ళ స్థలాలు. నాసిక్ శివార్లలోనూ తోటల పక్కనే లేఅవుట్ల బోర్డులు కనిపించడం మొదలైంది. వాటిని చూసినప్పుడు నాకు మేడ్చల్ దారి గుర్తుకొచ్చి మనసు కలుక్కుమంటుంది.

ప్రశ్న: ఫిబ్రవరిలో స్నేహితురాళ్ళ కుటుంబాలతో కలిసి షిర్డీ వెళుతున్నాం. మా అత్తగారు, ఇద్దరు పిల్లలు కూడా వస్తున్నారు. అక్కడి నుంచి నాసిక్, త్ర్యంబకం చూసుకుని, ఒక ద్రాక్ష తోట కూడా చూడవచ్చా? పెద్దవారితో వైనరీకి వెళ్ళడం ఎబ్బెట్టుగా ఉంటుందేమో అని సందేహం.
— ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: మీ సందేహం సహజమే. పెద్దావిడకు ఇష్టం లేకపోతే వైనరీ ప్రసక్తే వద్దు, ద్రాక్ష తోట చూడటానికి వైనరీకే వెళ్ళనవసరం లేదు. షిర్డీ నుంచి నాసిక్‌కు అందరూ సిన్నర్ మీదుగా వెళతారు, సుమారు 90 కిలోమీటర్లు. మీరు మాత్రం కొంచెం చుట్టు అయినా కోపర్‌గావ్, యేవలా, వించూర్, నిఫాడ్ మీదుగా వెళ్ళండి. యేవలాలో పైఠణీ చీరలు నేసే మగ్గాలు చూడవచ్చు, ఆ దారికి దగ్గరలోనే ఉల్లి మార్కెట్టుకు పేరుపడ్డ లాసల్‌గావ్ ఉంది. నిఫాడ్ తాలూకా అంతా తినే ద్రాక్ష పందిళ్ళే. రోడ్డు పక్కన తోట దగ్గర ఆగి అడిగితే రైతులు ఆదరంగా లోపలికి రమ్మంటారు, కోసిన పండు అక్కడే కొనుక్కోవచ్చు. పిల్లలకు ఇంతకంటే మంచి పాఠం ఉండదు. త్ర్యంబకానికి మరునాడు తెల్లవారుజామున, అన్నింటికంటే ముందు వెళ్ళండి. నాసిక్ నుంచి 30 కిలోమీటర్ల లోపే. 2027లో అక్కడ సింహస్థ కుంభమేళా జరుగుతుంది కనుక, ఆ ఏడు వెళ్ళేవారు రద్దీకి సిద్ధపడి బయలుదేరాలి.

ప్రశ్న: రుచి చూసే గదిలో ఎలా మెలగాలో తెలియక ఇబ్బందిపడ్డాం. మన భోజనంతో ఏది బాగుంటుంది? నచ్చిన సీసాలను కారులో సికింద్రాబాద్ తెచ్చుకోవచ్చా?
— ముగ్గురు మిత్రులు, సికింద్రాబాద్

జవాబు: అక్కడ తెలియనితనం తప్పు కాదు. గ్లాసును కాడ దగ్గర పట్టుకోండి, చేతి వేడి వైన్‌కు తగలకుండా ఉంటుంది. వెలుతురులో రంగు చూడండి, మెల్లగా తిప్పి వాసన చూడండి, ఆ తరువాత ఒక గుక్క నోరంతా తిరగనివ్వండి. జామ, మామిడికాయ, మిరియం, తడిమట్టి, ఏది గుర్తుకొస్తే ఆ పేరే చెప్పండి. పుస్తకాల్లో ఉండే విదేశీ పండ్ల పేర్లను మనం ఎప్పుడూ తిని ఉండకపోతే, వాటిని వల్లెవేయడం వల్ల రుచి తెలియదు. తెల్లవి ముందు, ఎర్రవి తరువాత, తీయనివి చివర తీసుకోండి.

మన కారానికి వగరు ఎక్కువగా ఉన్న ఎర్ర వైన్ పొసగదు, నోటి మంటను ఇంకా పెంచుతుంది. కొద్దిగా తీపి ఉన్న చల్లని చెనిన్ బ్లాంక్ కోడివేపుడుకూ, నాసిక్ మిసళ్ వంటి కారపు వంటకాలకూ బాగా కుదురుతుంది. ఎక్కువ కారం లేని మటన్ కూరకు షిరాజ్ ప్రయత్నించవచ్చు.

సీసాల విషయంలో మాత్రం నా సలహా కచ్చితమైనది: తేకండి. ప్రతి రాష్ట్రానికీ తన ఎక్సైజ్ చట్టం ఉంది. మహారాష్ట్రలో సుంకం కట్టిన సీసాను తెలంగాణలోకో, ఆంధ్రప్రదేశ్‌లోకో తెస్తే, చెక్‌పోస్టు దగ్గర సీసాలు స్వాధీనం కావడంతో పాటు కేసు కూడా మీద పడవచ్చు. కారులో ఉన్న తాగనివారిని కూడా ఆ చిక్కులోకి లాగినట్లవుతుంది. అదీగాక సికింద్రాబాద్ దాకా దాదాపు 700 కిలోమీటర్లు, ఎండలో నిలిపిన కారు డిక్కీ పొయ్యిలా కాగుతుంది. మహారాష్ట్ర లోపలే ఒక ప్రయాణంలో నేను రెండు తెల్ల వైన్ సీసాలను మధ్యాహ్నమంతా డిక్కీలో వదిలేశాను. రాత్రి తీసి చూస్తే బిరడా అర అంగుళం పైకి లేచి ఉంది, లోపలి వైన్ ఉడికించిన పండ్ల వాసన వేసింది, రెండూ పారబోయవలసి వచ్చింది. నచ్చిన రకం పేరు, పంట సంవత్సరం ఒక కాగితం మీద రాసుకోండి. అక్కడి పేరున్న వైన్‌లలో కొన్ని హైదరాబాద్ దుకాణాల్లోనూ దొరుకుతాయి.